తేడా వస్తే నష్టం ఎవరిది? నాణేల సేకరణలో కొత్తవాళ్ళు ఎక్కడ కొనాలి

కవరు చింపి నాణేన్ని అరచేతిలో వేసుకోగానే ఎక్కడో తేడా కొట్టింది. అమెరికాలో 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో ముద్రించిన మోర్గాన్ వెండి డాలరు అని చెప్పి అమ్మారు. బొమ్మలో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఒకవైపు లిబర్టీ తల, రెండోవైపు రెక్కలు చాచిన గద్ద. కానీ జుట్టు పాయలు సబ్బుబిళ్ళ మీద చెక్కినట్టు మెత్తగా ఉన్నాయి. డిజిటల్ కాటా మీద పెడితే 22 గ్రాముల చిల్లర చూపించింది. అసలు మోర్గాన్ డాలరు 26.73 గ్రాములు. చేతులు మారి మారి అరిగితే కాస్త తగ్గుతుంది గానీ, నాలుగు గ్రాములు తగ్గాలంటే ముందు బొమ్మ చెరిగిపోవాలి. చివరికి అయస్కాంతం దగ్గరికి తెచ్చాను. టక్కున అతుక్కుంది. వెండి అతుక్కోదు.

అమ్మినాయనకు మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. మర్నాటికి అకౌంటే లేదు. సైట్ ద్వారా కాకుండా డబ్బు నేరుగా పంపితే కొంత తగ్గిస్తానని ఆయన అన్నప్పుడు సంబరపడి పంపింది నేనే కాబట్టి, వాపసు ఇప్పించమని అడిగే దారి కూడా లేకుండా పోయింది. ఆ రోజంతా "చూసి ఎందుకు గుర్తుపట్టలేకపోయాను" అని నన్ను నేను తిట్టుకున్నాను. నిజానికి తిట్టుకోవాల్సింది అందుకు కాదు. ఫొటో చూసి నకిలీని పట్టడం ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. కొనేముందు వేసుకోవాల్సిన ఒక చిన్న ప్రశ్న వేసుకోలేదు, అదీ నా తప్పు. రేపు ఇది నకిలీ అని తేలితే నష్టం ఎవరు భరిస్తారు?

"మొదటి నాణేలు ఎక్కడ కొనాలి" అని అడిగిన వాళ్ళకు మామూలుగా ఒక జాబితా దొరుకుతుంది. షాపులు, ప్రదర్శనలు, టంకశాలలు, వేలాలు, ఆన్‌లైన్. జాబితాలో తప్పేమీ లేదు. కానీ ఒకే నాణెం ఒకచోట 40కీ ఇంకోచోట 100కీ ఎందుకు దొరుకుతుందో అది చెప్పదు. ఆ 60 తేడా దేనికో అర్థమైతే, ఎక్కడ కొనాలన్నది ఇంకొకరిని అడగక్కర్లేదు.

ధరలో ఏమేం కలిసి ఉంటాయి

మొదటిది లోహం, లేదా నాణెం మీద ఉన్న విలువ. ఇది అందరికీ తెలిసిందే.

రెండోది అరుదుతనం. పాతదైతే ఖరీదే అన్న నమ్మకం ఇక్కడే కూలిపోతుంది. 2010లో ఇంగ్లండులోని ఫ్రోమ్ దగ్గర ఒక పొలంలో మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుంటే ఒకే ఒక్క కుండలో 52,503 రోమన్ నాణేలు బయటపడ్డాయి. రోమన్ల కాలపు చిన్న రాగి, కంచు నాణేలు ఇలా కుండల కొద్దీ దొరుకుతూనే ఉన్నాయి. అందుకే 1,700 ఏళ్ళ నాటి నాణెం, కాస్త అరిగినదైతే, నిన్నగాక మొన్న వచ్చిన స్మారక నాణెం కన్నా చౌకగా దొరుకుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1909 నాటి అమెరికా సెంటుది. ఆ ఏడాది లింకన్ బొమ్మతో కొత్త సెంటు వచ్చింది. వెనకవైపు అడుగున శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెన్నర్ పేరులోని పొడి అక్షరాలు వి.డి.బి. వేశారు. అవి మరీ కొట్టొచ్చినట్టు ఉన్నాయని గొడవ కావడంతో కొద్దిరోజులకే తీసేశారు. ఈలోపు ఫిలడెల్ఫియా టంకశాల దాదాపు 2.8 కోట్ల నాణేలు కొట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల 4,84,000 మాత్రమే కొట్టగలిగింది. ఈ రెండింటికీ కంటికి కనిపించే తేడా ఏమిటంటే, సంవత్సరం కింద ఉండే బుల్లి 'ఎస్' అక్షరం. అంతే. మొదటిది ఎవరైనా సరదాగా కొనుక్కోవచ్చు. రెండోది పదుల రెట్లు ఎక్కువ. మామూలు సెంటు మీద 'ఎస్' అతికించి అమ్మేవాళ్ళు ఎందుకు పుట్టుకొచ్చారో వేరే చెప్పాలా?

మూడోది నాణెం స్థితి. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన పాత అమెరికన్ పెద్ద సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలమానం తయారుచేశాడు. ఇప్పుడు లోకమంతా దాన్నే కొద్దిగా మార్చి వాడుతోంది. 60, ఆ పైన అంటే వాడకంలో ఏమాత్రం అరగని నాణెం. 64కీ 66కీ మధ్య ఉండేది నాలుగు సన్నగీతల తేడా, కాస్త మెరుపు తేడా. ధరలో మాత్రం అది కొన్నిసార్లు రెట్టింపు దాటుతుంది. కొత్తలో మన కంటికి ఆ తేడా ఆనదు. కంటికి ఆనని తేడాకు డబ్బు కట్టడం ఎందుకు? మొదటి ఏడాది అరిగిన నాణేలే కొనండి అని నేను మొండిగా చెప్పేది అందుకే.

నాలుగోది భరోసా. బిల్లు మీద అసలుదని రాసిచ్చే షాపు, నకిలీ అని తేలితే ఎన్నేళ్ళకైనా వెనక్కి తీసుకునే డీలరు, తేడా వస్తే డబ్బు తిప్పి ఇప్పించే సైట్, వీటన్నింటి ఖర్చూ ధరలోనే కలిసి ఉంటుంది. చౌకగా దొరికే చోట చాలాసార్లు తగ్గేది ఈ నాలుగో భాగమే. ఆ రిస్క్ ఎక్కడికీ పోదు, అమ్మేవాడి నెత్తి మీంచి మన నెత్తి మీదికి వస్తుంది. అలా రావడం అన్నిసార్లూ చెడ్డదేం కాదు. నాణెం విలువ చిన్నదైతే ఆ రిస్క్ మనమే మోయొచ్చు. పెద్దదైతే మోయకూడదు. మిగతా వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నష్టమే లేని చోట

జేబులో చిల్లరతో మొదలుపెట్టడం అంటే చాలామందికి చిన్నతనంగా ఉంటుంది. కానీ మొత్తం వ్యవహారంలో డబ్బు పోయే అవకాశం లేనిది ఇదొక్కటే. పనికిరాని నాణేన్ని అదే విలువకు ఖర్చు పెట్టేసుకోవచ్చు. బ్యాంకు నుంచి చిల్లర కట్టలు తెచ్చుకుని వెతుక్కుని, మిగిలినవి తిరిగి జమ చేసేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు.

దొరికేవి కూడా తీసిపారేసేవి కావు. అమెరికా 1999 నుంచి 2008 దాకా రాష్ట్రానికొకటి చొప్పున 50 రకాల క్వార్టర్లు (25 సెంట్ల నాణేలు) తెచ్చింది. యూరో దేశాలు 2004 నుంచి 2 యూరోల స్మారక నాణేలు వేస్తున్నాయి. బ్రిటన్‌లో 2009లో క్యూ గార్డెన్స్ బొమ్మతో వచ్చిన 50 పెన్నీల నాణేలు 2,10,000 మాత్రమే. వాటిలో కొన్ని ఎన్నో ఏళ్ళు ఎవరికీ పట్టకుండా చిల్లరలో తిరిగాయి.

చిల్లరలో అసలు లాభం దొరికే నాణెం కాదు, కన్ను. ఒకే ఏడాది నాణేలు వంద పక్కపక్కన పెట్టి చూడండి. మొదట ఎక్కడ అరుగుతుందో (బుగ్గ, జుట్టు, గద్ద రొమ్ము), టంకశాల గుర్తు ఎక్కడ ఉంటుందో, డై, అంటే బొమ్మ కొట్టే అచ్చు, పాతబడితే అక్షరాలు ఎలా పలచబడతాయో తెలుస్తుంది. మంచి నాణేలు వందల కొద్దీ చూసిన కంటికి నకిలీ వెంటనే గుచ్చుకుంటుంది, కారణం చెప్పలేకపోయినా సరే.

దీనికి పక్కింటిదే మార్పిడి. మీ దగ్గర పదేసి ఉన్నవి ఇంకో దేశంలో ఎవరికీ ఉండవు, అక్కడివి మీకుండవు. న్యూమిస్టా లాంటి ఉచిత ఆన్‌లైన్ కేటలాగుల్లో నాణేల బరువు, కొలత, లోహం వివరాలు చూసుకోవచ్చు, సభ్యులు ఒకరితో ఒకరు మార్చుకోవచ్చు. పోస్టు ఖర్చు తప్ప పోయేదేం లేదు. మొదట రెండు మూడు నాణేలతోనే మార్పిడి చేసి అవతలి మనిషి ఎలాంటివాడో చూసుకోండి.

డీలరు దగ్గర కలగాపులగం పెట్టె

నాణేల డీలరు షాపులో అద్దాల వెనక ఉన్నవాటి మీదికే అందరి చూపూ పోతుంది. మీరు అడగాల్సింది బల్ల కింద ఉండే పెట్టెను. ప్రతి డీలరు దగ్గరా ఒకటుంటుంది. ఒక్కొక్కటి ఇంత అని ఒకే రేటు కట్టి, దేశం, ఏడాది చూడకుండా నాణేలు గుమ్మరించి పెడతారు. పెద్ద సేకరణలు కొన్నప్పుడు మిగిలిపోయినవి, విడిగా కవరు వేసి రేటు రాసేంత విలువ లేనివి అందులోకి వెళ్తాయి. డీలరుకు తీరికుండదు, మనకుంటుంది. ఆ తీరికే మన పెట్టుబడి.

నేను వెతికే పద్ధతి చెప్తాను. మొదట చేతికి బరువుగా, కాస్త బూడిదరంగులో తగిలేవి పక్కకు తీస్తాను. వాటిలో అప్పుడప్పుడు వెండి ఉంటుంది. అమెరికా డైములు (10 సెంట్లు), క్వార్టర్లు 1964 దాకా 90 శాతం వెండి. బ్రిటిష్ వెండి నాణేలు 1919 దాకా 92.5 శాతం, 1920 నుంచి 1946 దాకా 50 శాతం. ఇలాంటి రెండు మూడు తేదీలు గుర్తుంటే చాలు, పెట్టెలోంచి లేచేసరికి ఖర్చు వచ్చేస్తుంది. డీలర్లేం అమాయకులు కాదు, వాళ్ళూ ఒకసారి జల్లెడ పట్టే ఉంటారు. అయినా చిన్న నాణేలు తప్పించుకుంటాయి. తర్వాత పేరు మారిన దేశాలవి, ఇప్పుడు లేని దేశాలవి తీస్తాను. వాటికి విలువ లేకపోయినా కథ ఉంటుంది.

పక్కన పెట్టేయాల్సినవీ ఉన్నాయి. వందేళ్ళ నాణెం అద్దంలా తళతళలాడుతుంటే అది ఎవరో తోమినది. తోమిన నాణెం మీద లైటు పడేలా తిప్పితే సన్నటి గీతలు ఒకే దిక్కుకు వెళ్తూ కనిపిస్తాయి. తోమితే విలువ పోతుంది, అది మళ్ళీ రాదు. ఇంకోటి, ఆకుపచ్చ జిగురు. మెత్తటి పీవీసీ కవర్లలో ఏళ్ళ తరబడి ఉన్న నాణేలకు ఆ ప్లాస్టిక్‌లోంచి ఊరి పడుతుంది. అది లోహాన్ని తినేస్తుంది. అలాంటిది కొని ఇంట్లో మిగతావాటి పక్కన పెట్టకండి.

విలువైన నాణెం వైపు చూపు మళ్ళినప్పుడు డీలరును ఒక్క మాట అడగండి. "ఇదే నాణెం రేపు నేను తెస్తే మీరు ఎంతకు కొంటారు?" డీలరు కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఉండటం న్యాయమే, షాపు అద్దె అందులోంచే రావాలి. కానీ నిన్న 100కు అమ్మినదాన్ని 70కి కొంటాననేవాడికీ, 15 ఇస్తాననేవాడికీ, మాట దాటేసేవాడికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఈ ప్రశ్నకు చిరాకుపడే డీలరు దగ్గర నేను ఇంతవరకు రెండోసారి కొనలేదు.

సంఘాల సభ్యత్వం కూడా కొంత పనికొస్తుంది. 1951లో ఏర్పడిన అంతర్జాతీయ వృత్తి నాణేల డీలర్ల సంఘం, ఐఏపీఎన్, తన సభ్యులు అమ్మే నాణేలు అసలువని హామీ ఇవ్వాలని నియమం పెట్టుకుంది. అమెరికాలో పీఎన్‌జీ, బ్రిటన్‌లో బీఎన్‌టీఏ ఇలాంటివే. గోడ మీద లోగో చూసి సరిపెట్టుకోకుండా ఆ సంఘం వెబ్‌సైట్‌లో పేరు ఉందో లేదో చూసుకోవాలి. ఒక నిమిషం పని.

ప్రదర్శనల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒకే కప్పు కింద పదుల మంది డీలర్లు ఉంటారు కాబట్టి ధరలు పోల్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఏమీ కొనకుండా ముందు ఒక చుట్టు తిరగండి. చివరి రోజు మధ్యాహ్నం బేరం బాగా కుదురుతుంది, మిగిలినవి మోసుకెళ్ళడం ఎవరికీ ఇష్టముండదు. ఒక్కటే జాగ్రత్త. సాయంత్రానికి బల్లలు ఎత్తేస్తారు. పేరు, ఫోన్ నంబరు, నాణెం వివరం రాసిన బిల్లు లేకపోతే మర్నాడు మీరు ఎవరిని పట్టుకుంటారు?

టంకశాల నుంచి కొంటే

ప్రభుత్వ టంకశాల నుంచి నేరుగా కొంటే నకిలీ అన్న టెన్షన్ ఉండదు. రాయల్ మింట్, పెర్త్ మింట్, రాయల్ కెనడియన్ మింట్, ఫ్రాన్స్ టంకశాల 'మొన్నే ద పారీ' లాంటివన్నీ సేకరించేవాళ్ళకు నేరుగా అమ్ముతాయి. భద్రత నూటికి నూరు పాళ్ళు. చౌకదనం మాత్రం వేరే సంగతి. పెట్టె, సర్టిఫికెట్, రంగుల ప్రింటు కలిపి వేసిన ధర, ఆ నాణెం చేతులు మారగానే చాలాసార్లు పడిపోతుంది. రెండేళ్ళు ఓపిక పడితే అదే పెట్టె డీలరు దగ్గర తక్కువకు దొరకడం మామూలే. అందరూ ఎగబడిన కొన్ని నాణేలు పెరుగుతాయి, అది నిజమే. అవి ఏవో ముందే తెలియవు.

అసలు ప్రమాదం టంకశాలల దగ్గర లేదు, టంకశాలల్లా వినిపించే పేర్ల దగ్గర ఉంది. ప్రైవేటు కంపెనీలు "మింట్", "ట్రెజరీ", "నేషనల్" లాంటి మాటలు పేరులో కలుపుకుని, బంగారు పూత పూసిన ఇత్తడి బిళ్ళలను పరిమిత సంచిక అంటూ అమ్ముతాయి. చట్టప్రకారం అవి నకిలీలు కావు. అవి నాణేలే కావు, పతకాలు. మొదటిది దాదాపు ఉచితంగా పంపి, తర్వాత నెలనెలా ఒకటి పంపి బిల్లు వేసే పద్ధతి కూడా ఉంది. చిన్నక్షరాలు చదవకుండా ఒప్పుకుంటే బయటపడటం కష్టం.

మీద ఉన్న తేదీని నమ్మి మోసపోయే ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా 1780లో చనిపోయింది. ఆమె బొమ్మతో వచ్చిన థేలర్ అనే వెండి నాణేనికి ఎర్రసముద్రం చుట్టుపక్కల వ్యాపారుల్లో ఎంత గిరాకీ ఉండేదంటే, ఆమె పోయాక కూడా 1780 తేదీతోనే దాన్ని కొడుతూ వచ్చారు. వియన్నాలో, తర్వాత రోమ్, లండన్, బొంబాయిలాంటి చోట్లా. ఇప్పటికీ వస్తూనే ఉంది. అందులో దొంగతనం లేదు, దాచిందీ లేదు. కానీ "240 ఏళ్ళ నాటి వెండి నాణెం" అని ఎవరైనా అమ్మితే, దాని వెండి విలువకు కాస్త పైన ఇస్తే చాలు.

ఆన్‌లైన్‌లో

వెరైటీ అంతా ఇక్కడే ఉంది, నకిలీలూ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటి స్పష్టంగా చెప్పుకోవాలి. అమ్మే సైట్లు రెండు రకాలు. ఎంఏ-షాప్స్, వీకాయిన్స్ లాంటి వాటిలో ముందే పరిశీలించి చేర్చుకున్న డీలర్లు మాత్రమే అమ్ముతారు. ఈబే లాంటి వాటిలో ఎవరైనా అమ్మొచ్చు. మొదటి రకంలో ధర కాస్త ఎక్కువ. ఆ కాస్తా మన నాలుగో భాగమే, భరోసా.

రెండో రకంలో కొనకూడదని నేననను. నేనూ కొంటాను. నాణెం కన్నా ముందు అమ్మేవాణ్ణి కొంటాను. ఎన్నేళ్ళుగా అమ్ముతున్నాడు, అమ్మినవి నాణేలేనా లేక నిన్నటిదాకా ఫోన్ కవర్లు అమ్మి ఈ రోజు అరుదైన వెండి డాలర్లు పెట్టాడా, బాలేదన్నవాళ్ళకు ఏమని జవాబిచ్చాడు, ఇవన్నీ చూస్తాను. ఫొటో ఆ నాణేనిదేనా, ఎక్కడినుంచో తెచ్చిపెట్టిందా? రెండు వైపులూ ఉన్నాయా? అంచు కనిపించేలా, కాటా మీద బరువు కనిపించేలా ఇంకో ఫొటో పంపమని అడుగుతాను. నిజాయితీగా అమ్ముకునేవాడు పంపుతాడు. రెండోవాడు "తాతగారి పెట్టెలో దొరికింది, నాకు నాణేల గురించి ఏమీ తెలియదు" అంటాడు. ఈ మాట ఎప్పుడు విన్నా చెయ్యి జేబు మీద పెట్టుకోవాలి. ఏమీ తెలియని మనిషికి 1893 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో మోర్గాన్ డాలర్లు కేవలం 1,00,000 కొట్టారని, వాటికే గిరాకీ ఎక్కువని మాత్రం ఎలా తెలుస్తుందో!

ధర చూసేటప్పుడు అడుగుతున్న రేట్లు చూడకండి. ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. అమ్ముడుపోయిన రేట్లు విడిగా చూపించే ఏర్పాటు పెద్ద సైట్లలో ఉంటుంది. రెండింటినీ పక్కపక్కన చూస్తే నవ్వొస్తుంది. మామూలు నాణేనికి లక్షలు వస్తాయని తిరిగే వీడియోలన్నీ అడిగే రేట్ల మీద కట్టిన మేడలే. వాటిలో కొన్ని ఇంకో అడుగు ముందుకు వేసి, మీ నాణెం కొంటాం గానీ ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అంటాయి. కొనేవాడు అమ్మేవాడి దగ్గర ఫీజు అడిగాడంటే అక్కడితో మాట ఆపేయండి.

డబ్బు కట్టే పద్ధతి గురించి నా అనుభవం మొదట్లోనే చెప్పాను. సైట్‌లోనే కట్టాలి, క్రెడిట్ కార్డు లాంటి వివాదం లేవనెత్తే వీలున్న పద్ధతిలో కట్టాలి. పేపాల్‌లో స్నేహితులకు, బంధువులకు పంపే దారిలో పంపితే కొనుగోలు రక్షణ వర్తించదు. దాని మీద తగ్గింపు ఇస్తామంటే, తగ్గేది ధర కాదు, మన హక్కు. పార్సిల్ వచ్చాక వెంటనే తూచి చూడండి. ఫిర్యాదుకు గడువుంటుంది, అల్మరాలో పెట్టి మర్చిపోతే గడువు దాటిపోతుంది.

ప్లాస్టిక్ పెట్టెలో నాణెం

1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే నాణేల పరీక్షా సంస్థలు అమెరికాలో మొదలయ్యాయి. నాణేన్ని పరీక్షించి, షెల్డన్ అంకె వేసి, పగలగొడితే తప్ప తెరవడానికి వీల్లేని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి నంబరు ఇస్తారు. వ్యాపారులు దాన్ని స్లాబ్ అంటారు. అమ్మేవాడికీ కొనేవాడికీ సంబంధంలేని మూడో మనిషి నాణెం అసలుదని పూచీ పడటం ఇందులో గొప్ప. ఆన్‌లైన్‌లో ముఖం తెలియని మనిషి దగ్గర ఖరీదైన నాణెం కొనాలంటే నాకు తెలిసి ఇంతకన్నా మంచి దారి లేదు.

ఇక్కడా రెండు మెలికలున్నాయి. ఒకటి, స్లాబులకే నకిలీలు వచ్చేశాయి. పెట్టె మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొడితే నాణెం వివరం, చాలాసార్లు ఫొటో వస్తుంది. నంబరు కలిస్తే సరిపోదు, ఎందుకంటే నకిలీవాళ్ళు అసలు పెట్టె నంబరునే కాపీ కొడతారు. ఫొటోలో ఉన్న గీత, మచ్చ మన ముందున్న నాణెం మీద అక్కడే ఉందో లేదో చూడాలి. రెండోది, ఎవరూ పేరు వినని కంపెనీలు కూడా పెట్టెల్లో బిగించి అన్నింటికీ 70 వేసి అమ్ముతాయి. పెట్టె ఉండటం ముఖ్యం కాదు, పెట్టె ఎవరిదన్నది ముఖ్యం. చౌక నాణెం విషయంలో అయితే పెట్టె ఖర్చే నాణెం కన్నా ఎక్కువవుతుంది కాబట్టి కొత్తలో చాలావాటికి దాని అవసరమే రాదు.

వేలం సంగతి త్వరగా ముగిస్తాను. పెద్ద వేలం సంస్థల్లో నాణేలు నిపుణుల చేతిమీదుగా వస్తాయి, భద్రతకు లోటు లేదు. కానీ సుత్తి పడిన ధర మనం కట్టే ధర కాదు. దాని మీద కొనేవాడి కమిషన్ 20 శాతం దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. 100కు పాడుకుంటే 120, ఆపైన పోస్టు, ఇన్సూరెన్స్, పన్ను. చౌక నాణేలకు ఇది గిట్టదు. అయినా వేలం సంస్థల వెబ్‌సైట్లు రోజూ చూడదగ్గవే. పాత వేలాల ఫొటోలు, అమ్ముడుపోయిన ధరలు చాలావరకు ఉచితంగానే పెడతారు. పైసా ఖర్చు లేని బడి అది.

ప్రాచీన నాణేల మీద మోజు ఉన్నవాళ్ళకు ఇంకో మాట. అక్కడ నకిలీల చరిత్ర కూడా ప్రాచీనమే. 16వ శతాబ్దంలో పాదువా నగరపు జొవాన్ని కవీనో రోమన్ నాణేల పోలికలో చేసినవాటిని ఇప్పటికీ సేకరిస్తారు. జర్మనీకి చెందిన కార్ల్ బెకర్, 1772లో పుట్టి 1830లో పోయినవాడు, సొంతంగా డైలు చెక్కి గ్రీకు, రోమన్ నాణేలు కొట్టేవాడు. కొత్తగా కొట్టినవాటిని ఇనుప రజను పోసిన పెట్టెలో వేసి, గుర్రపుబండికి కట్టి, రోడ్ల మీద తిప్పి అరగదీసేవాడని చెప్పుకుంటారు. కాబట్టి ఈ రకం నాణేలు హామీ ఇచ్చే డీలరు దగ్గరే కొనాలి. పైగా అవి ఎక్కడినుంచి వచ్చాయన్న కాగితం కూడా కావాలి. తవ్వి దొంగచాటుగా తరలించిన వస్తువుల మీద 1970 నాటి యునెస్కో ఒప్పందం ఉంది, దాన్ని అనుసరించి చాలా దేశాలు చట్టాలు చేసుకున్నాయి. నాణెం అసలుదే అయినా, దాని రాక అక్రమమైతే పోయేది కొన్నవాడి డబ్బే.

బల్ల మీద ఉండాల్సినవి

0.01 గ్రాము దాకా చూపించే చిన్న కాటా, వ్యాసం కొలిచే కాలిపర్, పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, ఒక అయస్కాంతం. నాలుగూ కలిపి ఒక మోస్తరు నాణెం ధరకు వచ్చేస్తాయి.

అయస్కాంతం చెప్పేది ఒకవైపు సాక్ష్యమే. వెండి, బంగారం, రాగి అని చెప్పింది అతుక్కుంటే అది అబద్ధం. 1943లో యుద్ధం కోసం రాగి ఆదా చేయాల్సివచ్చి అమెరికా ఉక్కు సెంట్లు వేసింది. ఆ ఏడాది తేదీతో పొరపాటున రాగిమిశ్రమం మీద ముద్ర పడినవి కొన్ని మాత్రమే ఉన్నాయి. ఉక్కు సెంటుకు రాగి పూత పూసి ఆ అరుదైన సెంటు ఇదే అంటారు, అయస్కాంతం ఒక్క క్షణంలో తేల్చేస్తుంది. కానీ అతుక్కున్న ప్రతిదీ నకిలీ కాదు. 1992 నుంచి బ్రిటిష్ పెన్నీలు రాగి పూసిన ఉక్కే, యూరో 1, 2, 5 సెంట్లూ అంతే. అతుక్కోనంత మాత్రాన అసలుది అనీ కాదు, సీసం, ఇత్తడి కూడా అతుక్కోవు. బంగారం విషయంలో కాటా కూడా మోసపోతుంది. టంగ్‌స్టన్ సాంద్రత దాదాపు బంగారమంతే. అందుకని బంగారు నాణెం ఆన్‌లైన్‌లో కొనడం మొదటి ఏడాది పని కాదు.

భూతద్దం కింద అంచు చూడండి. పోతపోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, బొమ్మ లేని ఖాళీ చోట సూదిమొనంత బుడగలు కనిపిస్తాయి. డైతో కొట్టిన నకిలీలు ఇంత తేలిగ్గా దొరకవు. వాటిని పట్టే చిట్కా వేరే ఉంది. నకిలీ డైని ఒక అసలు నాణెం నుంచి తీస్తారు కాబట్టి ఆ నాణెం మీది గీతలు, సొట్టలు కూడా డైలోకి ఎక్కుతాయి. ఇద్దరు వేర్వేరు మనుషులు అమ్ముతున్న రెండు నాణేల మీద ఒకే చోట ఒకే సొట్ట ఉంటే, రెండూ అనుమానించాల్సినవే. అరుగుదల ఏ రెండు నాణేలకూ ఒకేలా రాదు.

అమెరికాలో 1973 నుంచి ఉన్న చట్టం ప్రకారం నాణేల నమూనాల మీద కాపీ అని అచ్చు వేయాలి. వేసిన అక్షరాలను అరగదీసి అమ్మేవాళ్ళున్నారు. భూతద్దంలో ఒక చోట మాత్రమే నునుపుగా, పలచగా కనిపిస్తే అదేంటో ఆలోచించండి.

నా మొదటి డాలరు ఇప్పటికీ బల్ల మీదే ఉంది, మీద నకిలీ అని పర్మనెంట్ మార్కర్‌తో రాసుకున్నాను, నా తర్వాత ఇది ఇంకెవరి చేతికీ అసలుదిగా పోకూడదని. రెండోది ఒక డీలరు దగ్గర కొన్నాను. 1921ది, ఆ ఏడాది మూడు టంకశాలలూ కలిపి 8 కోట్లకు పైగా కొట్టినది కాబట్టి అరుదేమీ కాదు. లిబర్టీ బుగ్గ బాగా అరిగిపోయింది. తిరిగి తెస్తే ఎంతకు కొంటారని అడిగితే ఆయన నవ్వి ఒక అంకె చెప్పి, బిల్లు వెనక రాసి సంతకం పెట్టాడు. ఇంటికి వచ్చి కాటా మీద పెట్టాను. 26.4 దగ్గర ఆగింది.